అయిదో చక్రం

బాలలూ! జీపుకు చక్రాలెన్ని అని మిమ్మల్నెవరైనా అడిగితే ఏమంటారు? “ఆ మాత్రం తెలియదా? మంచంకోళ్ళలాగా నాలుగు!” అంటారు గదూ? పంచపాండవుల లెక్క చెప్పినవాడి కథ మీకు తెలిసిందే. మీ లెక్క కూడా అలాగే తప్పింది. జీపు వెనుక తలుపుకు బిగించి, తొడుగు తొడిగి ఉంచిన చక్రాన్ని మీరు మరిచిపోయారు. అదే అయిదో చక్రం. మన ఊళ్ళలో దాన్ని “స్టెప్నీ” అంటారు.

ఈ పేరు ఎక్కడిదో తెలుసా? ఇంగ్లండుకు పడమటగా వేల్సు అనే దేశమున్నది. అక్కడి లనెల్లీ అనే ఊళ్ళో స్టెప్నీ వీధి అని ఒక వీధి. మోటారుకార్లు వచ్చిన కొత్తలో వాటికి అదనపు చక్రం ఉండేది కాదు. దారిలో టైరు గాలిపోతే అక్కడే కూర్చుని బాగుచేసుకోవలసిందే. 1904లో ఆ ఊరి డేవీస్ సోదరులు ఒక ఉపాయం కనిపెట్టారు. ఆకులు లేని ఒట్టి ఇనుపకమ్మీకి గాలి నింపిన టైరు తొడిగారు. గాలిపోయిన చక్రానికి దాన్ని పక్కనుంచి బిగిస్తే బండి ఇల్లు చేరేది. ఆ వీధి పేరే ఆ చక్రానికి వచ్చింది. నూరేళ్ళు దాటినా మన మెకానిక్కులు ఆ పేరు విడిచిపెట్టలేదు.

కష్టకాలంలో ఆదుకోవలసిన ఈ చక్రాన్ని మామూలు రోజులలో ఎవరూ పట్టించుకోరు. దానివల్ల ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను.

2019 వేసవిలో మేము మామయ్య జీపులో శ్రీశైలం నుంచి దోర్నాల మీదుగా తిరిగి వస్తున్నాము. దారిలో అమ్మమ్మకు ఆయాసం ఎక్కువయింది. మార్కాపురం చేరితే డాక్టరు దగ్గరకు తీసుకుపోవచ్చునని తొందరపడుతున్నాము. సరిగ్గా నల్లమల అడవి మధ్య వెనుక టైరు ఢామ్మని పేలింది! పొద్దు వాలుతున్నది. రాత్రి అయితే ఆ అడవిదారిలో బళ్ళను పోనివ్వరు.

మామయ్య మాత్రం కంగారు పడలేదు. “స్టెప్నీ ఉన్నదిగా! ఒక్క మైలు కూడా నడవని కొత్త టైరు,” అన్నాడు. తొడుగు తీస్తే టైరు నల్లగా నిగనిగలాడుతున్నది. కాని నట్లు తుప్పుపట్టి, ఎంత తిప్పినా కదలవు. చివరకు ఎలాగో ఊడదీసి, బిగించి, జాకీ దించాము. దించగానే ఆ కొత్త టైరు అప్పచ్చిలాగా నేలకు అతుక్కుపోయింది! దానిలో గాలి లేదు. వంగి చూస్తే దాని పక్కలన్నీ ఎండిన చెరువులాగా నెర్రెలు తీసి ఉన్నవి.

అమ్మమ్మ చీర కొంగుతో విసురుకుంటూ, “ఏం ఫరవాలేదురా,” అంటున్నది గాని, మాట మధ్యలో ఊపిరి అందటం లేదు. ఇంతలో దేవుడిలాగా ఒక లారీ వచ్చి ఆగింది. లారీ బ్రేకులు గాలితో పనిచేస్తాయి. అందుకని దానికి ఒక గాలితొట్టి ఉంటుంది. డ్రైవరు ఆ తొట్టికి గొట్టం తగిలించి మా టైరుకు గాలి కొట్టాడు. “అయ్యా, ఇది ముసలి టైరు. మెల్లగా పోండి. నేను మీ వెనుకే వస్తాను,” అన్నాడు. దోర్నాలదాకా మా వెంటే వచ్చాడు. ఆ రాత్రి సూది వేసిన తరువాత అమ్మమ్మ తేరుకున్నది.

మర్నాడు పంక్చర్లు వేసే ఆయన ఆ టైరు మీద 2311 అనే అంకెలు చూపించాడు. అంటే 2011వ సంవత్సరం 23వ వారంలో తయారైనదన్నమాట. నడవకపోయినా దానికి ఎనిమిదేళ్ళు నిండాయి!

వాడని టైరు ఎందుకు పాడవుతుంది? రబ్బరు గోడగుండా గాలి కంటికి కనబడకుండా జారిపోతూనే ఉంటుంది. నెలకు సుమారు ఒక పౌను ఒత్తిడి తగ్గుతుంది. గాలిలోని ఓజోన్ వాయువు, ఎండ రబ్బరును పెళుసు చేస్తాయి. అందుకే టైర్లు చేసేవారు రబ్బరులో నల్లటి మసిని, ఒక రకం మైనాన్ని కలుపుతారు. మసి ఎండను అడ్డుకుంటుంది. టైరు దొర్లుతూ వంగినపుడల్లా మైనం పైకి వచ్చి పలుచని పొరగా కాపాడుతుంది. కదలకుండా వేలాడే టైరుకు ఆ పొర సరిగా ఏర్పడదు.

కాబట్టి ఏం చేయాలి? నెలకొకసారి, బండి చల్లగా ఉన్నపుడు, అయిదు చక్రాలలోనూ గాలి చూడాలి. తొడుగు ఉండటం మంచిదే, ఎండ తగలదు. కాని అప్పుడప్పుడు తీసి, బురద కడిగి, ఆరబెట్టాలి. సబ్బునీళ్ళు చాలు. కిరసనాయిలు, ఇంజనునూనె రబ్బరుకు శత్రువులు. తలుపుకు చక్రాన్ని పట్టి ఉంచే నట్లు బిగువుగా ఉన్నవీ లేనిదీ కూడా చూడాలి.

అన్నిటికన్నా మంచి ఉపాయం మీరు ఆడే నాలుగుస్తంభాలాటలోనే ఉన్నది. స్తంభాలు నాలుగు, పిల్లలు అయిదుగురు; ఎప్పుడూ ఒకడే దొంగ అయితే ఆట ఏం బాగుంటుంది? వెనుక చక్రాలు తిప్పే జీపుకు ఇలా మారుస్తారు: స్టెప్నీ కుడి వెనుకకు, కుడి వెనుకది కుడి ముందుకు, కుడి ముందుది ఎడమ వెనుకకు, ఎడమ వెనుకది ఎడమ ముందుకు, ఎడమ ముందుది స్టెప్నీ స్థానానికి. అయిదూ ఒకే కొలతవి అయితేనే ఇలా చేయాలి. టైరు మీద తిరిగే దిక్కు చూపే బాణం గుర్తు ఉంటే ఈ పద్ధతి పనికిరాదు. బండితో ఇచ్చిన పుస్తకం ఏం చెబితే అదే సరి. మార్చిన తరువాత నట్లను వరసగా గాక ఎదురెదురుగా బిగించి, కొంతదూరం పోయాక మరొకసారి చూడాలి. ఇది పెద్దల పని. జాకీ ఎత్తిన బండి కిందికి మీరు దూరకూడదు సుమా!

ఇందులో లాభమెంతో మీరే లెక్కవేయండి. 10,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చుతూపోతే, బండి 50,000 కిలోమీటర్లు నడిచేసరికి ఒక్కొక్క టైరు నడిచేది 40,000 మాత్రమే. మిగిలిన 10,000 కిలోమీటర్లు అది స్టెప్నీగా విశ్రాంతి తీసుకున్నది! అయిదూ సమంగా అరుగుతాయి గనుక, అవసరం వచ్చినపుడు చేతికందేది మిగతావాటికి జోడుగా ఉంటుంది.

మామయ్య జీపుకు ఇప్పుడు ఈ లెక్క ప్రకారమే మారుస్తున్నారు. మార్చిన తేదీ, మీటరు అంకె డైరీలో రాసిపెట్టేది మా అమ్మమ్మే. మీ వీధిలో జీపు ఉంటే, యజమానిని అడిగి, దాని వెనుక టైరు మీది నాలుగు అంకెలు చదవండి. దాని వయసెంతో ఆయనకు చెప్పండి. ఆయనకే తెలిసి ఉండదు!