సున్న, అరసున్న

తెలుగు పాఠం చెప్పుకునేవానికి కంప్యూటరుతో పనేమిటని మిత్రులు కొందరు నన్ను పరిహసించారు. వారి పరిహాసంలో న్యాయం లేకపోలేదు. సంధులు, సమాసాలు, ప్రబంధ వర్ణనలు తప్ప మరొకటి ఎరుగని నేను, ముప్పయి అయిదేళ్ళు నిండిన పిమ్మట, మన కళాశాలలో సాయంకాలం జరిగే పైథాన్ ప్రాథమిక తరగతిలో విద్యార్థుల వెనుక బల్లపై కూర్చున్నాను. అంతర్గత పరీక్షల మార్కుల లెక్క ఏటా నా పాలిట పడుతూ ఉండడమే అందుకు కారణం. అక్కడ నేర్చుకున్నది స్వల్పం. చేసిన తప్పు మాత్రం పెద్దది. కొత్తగా ఈ విద్య నేర్చేవారికి ఉపకరిస్తుందేమోనని ఆ తప్పునే ఇక్కడ నివేదిస్తున్నాను.

పైథాన్ 1991లో గీడో వాన్ రోసమ్ అనే డచ్చి దేశీయుడు లోకానికి అందించిన ప్రోగ్రామింగ్ భాష. అందులో మొట్టమొదట నేర్పేది 'ప్రింట్' అనే ఆజ్ఞ. 'మార్కు' అనే పేరుకు 18 అని విలువ ఇచ్చి, ఆ పేరును ప్రింట్ చేయమంటే తెరపై 18 ప్రత్యక్షమవుతుంది. తొలినాడు ఆ అంకెను చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతంత కాదు. యంత్రం చూపింది గనుక అది సత్యమే అన్న భ్రమ కూడా ఆనాడే కలిగింది.

నాలుగు పరీక్షలు, ఒక్కొక్కదానికి 20 మార్కులు. పట్టికలోని మార్కులను చదివి సగటు కట్టే ప్రోగ్రామును వ్రాశాను. కొంత దూరం సాగి అది ఆగిపోయింది. ఒక విద్యార్థిని పేరు ఎదుట మూడవ గడి ఖాళీగా ఉన్నది. ఖాళీని అంకెగా మార్చడం తనకు చేతకాదని యంత్రం చెప్పింది. నిజానికి అది నన్ను అడిగిన ప్రశ్న: "ఇక్కడ ఏమీ లేదు, ఏమి చేయమంటారు?" అని. నేను దానిని ప్రశ్నగా గాక ఆటంకంగా భావించాను. గడి ఖాళీగా ఉంటే సున్నగా తీసుకోమని ఒక్క పంక్తి చేర్చాను. యంత్రం మారు పలుకలేదు. జాబితా నోటీసు బోర్డుకు ఎక్కింది.

మరునాడు ఆ అమ్మాయి నా గది గుమ్మం వద్ద నిలబడింది. ఆమె మార్కులు 18, 16, ఖాళీ, 17. మొత్తం 51. నాలుగింట భాగిస్తే 12.75, వ్రాసిన మూడింట భాగిస్తే 17. సగటు 15కు తగ్గనివారి పేర్లే ప్రతిభా పారితోషికానికి పంపవలసి ఉన్నది. అనుమతి పొంది మానిన పరీక్షను లెక్కలో చేర్చరాదన్నది నియమం. తండ్రి ఆసుపత్రిలో ఉన్న ఆ దినాన ఆమె సెలవు చీటీపై సంతకం చేసినది నేనే.

"సార్, నేను ఆ పరీక్ష వ్రాయలేదు. వ్రాసి సున్న తెచ్చుకోలేదు సార్" అన్నది.

ఆ మాటకు నా వద్ద సమాధానం లేకపోయింది.

ఆ సాయంకాలమే సవరణకు పూనుకున్నాను. ఏమీ లేదని తెలుపడానికి పైథాన్‌లో 'నన్' అనే ప్రత్యేకమైన విలువ ఉన్నది. ఖాళీ గడులకు దానిని ఉంచి, "మార్కు ఉంటేనే కూడుము" అని వ్రాశాను. ఈసారి జాబితా అంటించక ముందే చేతితో సరిచూశాను. మరొక వింత కనిపించింది. 0, 9, 12, 9 తెచ్చుకున్న ఒక విద్యార్థి సగటు 7.5 కావలసి ఉండగా 10 అయింది. 'ఉంటే' అని మాత్రమే అడిగితే పైథాన్ సున్ననూ 'నన్'నూ ఒకే రీతిగా లేనివానిగా ఎంచుతుంది. అతడు నిజంగా వ్రాసి తెచ్చుకున్న సున్న మాయమయింది. మొదట లేని సున్నను సృష్టించాను. పిదప ఉన్న సున్నను చెరిపాను. "ఇది నన్ అవునా, కాదా" అని స్పష్టంగా అడిగిన తరువాతనే లెక్క కుదిరింది.

మా ఇంటి ఉర్దూలో సున్నను సిఫర్ అంటాము. అది అరబీ పదం. ఖాళీ అని దాని మూలార్థం. మాట ఖాళీ అన్నా గణితంలో సున్న ఖాళీ కాదు. 628లో బ్రహ్మగుప్తుడు సున్నతో కూడికలకు, తీసివేతలకు సూత్రాలు చెప్పాడు. అది లెక్కకు వచ్చే సంఖ్య. ఖాళీ లెక్కకు రాదు, లెక్క లేదని మాత్రమే చెబుతుంది. ఈ భేదం మన వ్యాకరణానికి కొత్త కాదు. సంవత్సరమనే అర్థంలో 'ఏఁడు', సంఖ్య అయితే 'ఏడు'. ఒకప్పుడు అక్కడ పలికి పిదప జారిపోయిన అనునాసికానికి అరసున్న గుర్తు. లేనిదానిని లేదని చెప్పడానికి మన పెద్దలు ఒక లిపి చిహ్నమే కేటాయించారు. దానిని వదలివేస్తే సంవత్సరమూ సంఖ్యా ఒకటైపోతాయి. ఏళ్ళ తరబడి ఈ పాఠం చెబుతున్న నేనే మార్కుల పట్టికలో అరసున్నను విడిచి సున్న చుట్టాను.

అనుభవజ్ఞులకు కూడా ఇది చిక్కే. 1965లో ఒక ప్రోగ్రామింగ్ భాషను రూపొందిస్తూ 'నల్' అనే శూన్య నిర్దేశాన్ని ప్రవేశపెట్టిన టోనీ హోర్, 2009లో దానిని తన వంద కోట్ల డాలర్ల పొరపాటుగా చెప్పుకున్నాడు. శూన్యం ఉండవచ్చునని ముందుగా పరీక్షించని ప్రోగ్రాములు అక్కడికి చేరగానే కుప్పకూలడమే అందుకు కారణం.

విద్యార్థులారా, విలువను చూపడం తేలిక. ఆ విలువ దేనినుండి వచ్చిందో కూడా చూపడం మన ధర్మం. కొత్త జాబితాలో ఆ అమ్మాయి పేరు ఎదుట "సగటు 17, వ్రాసిన పరీక్షలు 3" అని, మూడవ గడిలో "అనుమతితో గైర్హాజరు" అని ముద్రించాను. ఆమె బోర్డు వద్దకు వచ్చి, సగటును కాక మొదట ఆ మూడవ గడినే చదువుకున్నది.