140 పద్యాలు, ఒక ఆజ్ఞ

రంగస్థల పద్యానికి రాగం ఉంటుంది గాని తాళం ఉండదు. ఈ సంగతి ఎరుగని యంత్రం చేతికి పద్యాన్ని అప్పగిస్తే ఏమవుతుందో, ఎరిగినవాడు పక్కన కూర్చుంటే ఆ యంత్రమే ఎంత ఉపకారం చేస్తుందో రెండు నెలలుగా చూస్తున్నాను. పాత క్యాసెట్లు అటక మీద పెట్టుకున్న మిత్రులు చాలామందే ఉంటారు కనుక ఇది వ్రాస్తున్నాను.

మా మేనమామగారు గుడివాడ, పామర్రు, బందరు ప్రాంతాలలో తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ నాటకంలో శ్రీకృష్ణ పాత్ర ధరించేవారు. పేరుమోసిన నటులేమీ కారు. ఆయన గతించి ఇరవై యేళ్ళు దాటింది. మిగిలినవి ఒక హార్మోనియం, 14 క్యాసెట్లు. విజయవాడలో సంగీతం కూర్చే పనిలో ఉన్న మా మనవడు వాటిని కంప్యూటరులోకి ఎక్కించి, పద్యానికొక ముక్కగా విడదీస్తే 140 ముక్కలు తేలాయి. ఆ ముక్కను క్లిప్పు అంటారట.

వాడు వాడేది ఏబుల్టన్ లైవ్ అనే సాఫ్ట్‌వేరు. 2001లో బెర్లిన్ నగరం నుండి వెలువడింది. ఒక క్లిప్పును నొక్కితే దాని అమరికలు తెరమీదికి వస్తాయి. ధ్వని హెచ్చుతగ్గులకు గెయిన్, శ్రుతి ఎత్తడానికీ దించడానికీ ట్రాన్స్‌పోజ్, అరశ్రుతిలో నూరవ వంతు దాకా సవరించడానికి డిట్యూన్, కాలానికి కట్టడానికి వార్ప్. వీటిని ఎంత మార్చినా అసలు ధ్వనిపత్రం చెక్కుచెదరదు. మూలం మూలంగానే ఉంటుంది, వ్యాఖ్యానం మాత్రమే మారుతుంది. ఇది తెలిశాకనే నాకు ధైర్యం వచ్చింది.

క్యాసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి. బ్యాటరీ నీరసించినప్పుడు టేపు మందగిస్తుంది. ఆ మందగమనంలో రికార్డయిన పద్యాన్ని మంచి యంత్రం మీద వేస్తే త్వరగానూ కీచుగానూ పలుకుతుంది. మా మేనమామగారిది నాలుగున్నర శ్రుతి. క్యాసెట్లలో ఆయన గొంతు నాలుగున్నరకూ ఐదుకూ నడుమ ఎక్కడో వ్రేలాడుతున్నది. అరశ్రుతి తేడా వచ్చిందంటే వేగంలో సుమారు 6 శాతం తేడా ఉన్నట్లే. నిమిషం పద్యంలో మూడున్నర సెకన్లు మాయం.

వార్ప్ కీలకం ఇక్కడ తెలుస్తుంది. వార్ప్ పెట్టి ఉంచితే శ్రుతి దించినా వేగం కదలదు. వార్ప్ తీసివేస్తే రెండూ కలిసి మారుతాయి, అచ్చం టేపు వలెనే. టేపు చేసిన తప్పు శ్రుతినీ వేగాన్నీ ఒక్కసారే పట్టింది కనుక దాన్ని దిద్దవలసిందీ అలాగే. ఇది మా వాడు చెప్పినప్పుడు మనసులో మెచ్చుకున్నాను.

అసలు వార్ప్ ఎందుకంటే, నృత్యసంగీతంలో వేర్వేరు చోట్ల నుండి తెచ్చిన ముక్కలన్నీ ఒకే లయలో నడవాలి. అందుకు అది మంచి సాధనమే. కాని పద్యం మాట వేరు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, భ ర న భ భ ర వ గణాలు. మాత్రలు లెక్కిస్తే 28. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది గదా అని యంత్రం సంబరపడవచ్చు. గణాల మాత్రలేమో 4, 5, 3, 4, 4, 5, 3. పైగా రంగస్థలం మీద ఎవరూ మాత్రలు లెక్కించి పాడరు. యతి దగ్గర ఆగుతారు, పాదాంతంలో రాగం తీస్తారు, ఎదుటి పాత్రను గద్దించవలసిన చోట అక్షరాలను పరుగెత్తిస్తారు. పద్యమంతటినీ సమంగా సాగదీస్తే లఘువుకూ గురువుకూ ఉన్న నిష్పత్తి చెడదు. ఎక్కడికక్కడ లాగి గళ్ళలో కూర్చోబెడితే మాత్రం లఘువు గురువవుతుంది, కృష్ణుడు కవాతు చేస్తాడు.

140 క్లిప్పులకూ ఒక్కొక్కటిగా వార్ప్ తీయడం, శ్రుతి అంకె వేయడం, గెయిన్ సరిచూడడం విసుగు పని. దానికి మాక్స్ ఫర్ లైవ్ అనే తోడుసాధనం ఉంది. 2009లో వచ్చింది. కంప్యూటరుతో సంగీతం పలికించిన తొలితరం శాస్త్రజ్ఞుడు మాక్స్ మాథ్యూస్ పేరు దీనికి మూలమైన భాషకు పెట్టారు. దీనిలో క్లిప్పును పిలిచే తీరు వ్యాకరణం చెప్పుకున్నవాడికి ముచ్చట గొలుపుతుంది: అంతా షష్ఠీ విభక్తి గొలుసు. సెట్టు యొక్క ట్రాకు యొక్క గడి యొక్క క్లిప్పు. లెక్క మాత్రం సున్న నుండి మొదలు, నాలుగవ గడిని మూడు అనాలి. దారి చెప్పాక రెండే క్రియలు ముఖ్యం, ఒకటి ‘ఎంత ఉన్నది?’ అనే ప్రశ్న, రెండవది ‘ఇంత చేయుము’ అనే విధి. మా వాడు వ్రాసిన చిన్న యంత్రాంగం 140 గడపలూ తిరిగి, ప్రతిచోటా వార్ప్ తీసివేసి, పట్టికలోని అంకె ప్రకారం డిట్యూన్ సవరించి వచ్చింది. రెప్పపాటు పని.

ఆ పట్టిక వ్రాయడానికి నాకు నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. బ్యాటరీ క్రమంగా దిగిపోతుంది గనుక ఒకే క్యాసెట్టులో మొదటి పద్యానికి పనికివచ్చిన అంకె చివరి పద్యానికి పనికిరాదు. మైకుసెట్టు హోరును బట్టి తేల్చవచ్చునేమో, కరెంటు 50 హెర్ట్‌జులు గదా అన్నాడు మనవడు. ఆ రోజుల్లో మన కరెంటే 50కి దిగువన నడిచేది నాయనా, దానికే శ్రుతి లేదు అన్నాను. ప్రతి పద్యానికి ముందు వినిపించే హార్మోనియం మాకు సాక్ష్యం. ఆ పెట్టే ఇప్పటికీ ఇంట్లో ఉంది. దాని నాలుగున్నర మెట్టు నొక్కి, టేపు విని, అంకె వేశాను.

గెయిన్ దగ్గర మాకు వాదం వచ్చింది. పద్యం పొడుగునా ధ్వని ఒకే మట్టంలో ఉండేటట్లు చేయవచ్చునన్నాడు. రాగం అందుకొనేటప్పుడు ఆయన మైకుకు అడుగు వెనక్కు వేసేవారు. ఆ అడుగు వినబడాలి. కనుక క్లిప్పుకు ఒక్క గెయిన్ చాలునన్నాను, ఒప్పుకున్నాడు.

తరువాత వచ్చినది ‘వన్స్‌మోర్’ సంగతి. జనం కేకలు వేస్తే అదే పద్యం మళ్ళీ పాడేవారు. సాధనం పేర్లు పోల్చి, జంట క్లిప్పులు ఇవిగో అని చూపింది.

“రెండోది ఎందుకు తాతయ్యా, మొదటిదే బాగుంది గదా?” అన్నాడు.

మొదటిదే బాగుంది, నిజమే. రెండవసారి మొదలుపెట్టే ముందు మూడు సెకన్ల నిశ్శబ్దం, అందులో ఆయాసంగా తీసుకున్న ఊపిరి ఉన్నాయి. ఆయనకు ఉబ్బసం. ఆ పొద్దు పాడవద్దని అత్తయ్య బతిమాలినట్లు మాకందరికీ తెలుసు. నిశ్శబ్దాలను కత్తిరించే ఆజ్ఞ కూడా ఆ సాధనంలో వ్రాసి ఉంది. ఆ ఊపిరి మొత్తం అందులో పోతుంది.

క్లిప్పుకు రంగు వేయవచ్చు, ఆ రంగును సాధనం చదవగలదు. ఎర్రరంగు క్లిప్పులకు శ్రుతి సవరణ తప్ప మరే ఆజ్ఞా వర్తించరాదని మా వాడు ఒక పంక్తి చేర్చాడు. ఇప్పటికి 11 ఎర్రనివి అయ్యాయి. ఇంకా మూడు క్యాసెట్లు వినవలసి ఉంది.