పేరు వేస్తామన్నారు

గతేడాది ఎండాకాలం నుంచి ప్రతి ఆదివారం పొద్దున మా ఇంట్లో ఇంగ్లీష్ గ్రామర్ క్లాసు జరుగుతోంది. విద్యార్థి ఒక్కడే, మా చిన్నాన్న కొడుకు. ఉండేది కృష్ణానగర్‌లో, ఇంకో ముగ్గురితో కలిసి ఒక రూమ్‌లో. ఏడేళ్ళుగా అసిస్టెంట్ డైరెక్టర్. వయసు ఇరవై తొమ్మిది. పొద్దున్నే చెక్‌పోస్ట్ మీదుగా బైక్ మీద ఫిల్మ్ నగర్ ఎక్కి వస్తాడు. టిఫిన్ నాది, వ్యాకరణమూ నాదే.

వాడు రాయబోయేది స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ వాళ్ళ సీజీఎల్ పరీక్ష. ఎస్సెస్సీ అనగానే మనకి పదో తరగతి గుర్తొస్తుంది కాబట్టి మా చిన్నమ్మ మొదట్లో కంగారుపడింది, "మళ్ళీ టెన్త్ రాయడమేంట్రా" అని. టైర్ వన్‌లో వంద ప్రశ్నలు, గంట టైము. అందులో ఇంగ్లీష్‌కి 25 ప్రశ్నలు, 50 మార్కులు. ఒక్కో తప్పుకి అర మార్కు కోత. కొన్ని పోస్టులకి వాడి వయసు అప్పటికే దాటిపోయింది. మిగిలిన వాటికి కొంచెం గడువుంది. ఒక్కసారి సీరియస్‌గా రాస్తానని చిన్నాన్నకి మాటిచ్చాడు. అందుకే ఈ క్లాసు.

నేను హైటెక్ సిటీలో కోడ్ రాసుకునేవాణ్ణి. శని, ఆదివారాల్లో సినిమాల గురించీ పుస్తకాల గురించీ నాకు తోచింది రాస్తుంటాను. గ్రామర్ చెప్పడానికి నాకున్న అర్హత ఒక్కటే. ఇంజనీరింగ్ రోజుల్లో అమెరికా వెళ్దామనుకుని అన్ని పరీక్షల పుస్తకాలూ కొన్నాను. వెళ్ళలేదు కానీ పుస్తకాలు మిగిలాయి. విచిత్రమేంటంటే, అక్కడి పరీక్షలు ఈ రూల్స్‌ని ఒక్కొక్కటే వదిలేస్తున్నాయి. టోఫెల్ 2005లో ఇంటర్నెట్ పరీక్షగా మారినప్పుడే విడి గ్రామర్ సెక్షన్ ఎత్తేశారు. జీమ్యాట్ కొత్త రూపం 2023 చివర్లో వచ్చింది, అందులో సెంటెన్స్ కరెక్షన్ లేదు. మన దగ్గర మాత్రం తప్పు పట్టుకోవడం, యాక్టివ్‌ని పాసివ్ చేయడం, డైరెక్ట్‌ని ఇండైరెక్ట్ చేయడం అలాగే ఉన్నాయి. గుమాస్తా ఉద్యోగానికి అవి ఎందుకో అడిగితే జవాబు చెప్పేవాళ్ళు లేరు. మార్కులు మాత్రం ఉన్నాయి.

మొదటి నెలలో మేమిద్దరం కనిపెట్టింది ఏంటంటే, ఈ పరీక్ష నిజానికి దూరం మీద నడుస్తుంది. "వన్ ఆఫ్ ది బాయ్స్" అన్నాక కర్త "వన్". కానీ క్రియ రాసే వేళకి చెవిలో మోగేది "బాయ్స్". ప్రశ్న తయారుచేసేవాడు ఆ రెండింటి మధ్య ఇంకో నాలుగు మాటలు ఇరికిస్తాడు. మనం దగ్గరున్న మాటకి లొంగిపోయి "ఆర్" అంటాం, అర మార్కు పోతుంది. తెలుగులో ఈ గొడవ లేదు. "ఆ కుర్రాళ్ళలో ఒకడు వచ్చాడు" అంటాం. గుంపు ముందే వెళ్ళిపోతుంది, ఒకడు వచ్చి క్రియ పక్కనే నిలబడతాడు. తప్పు చేద్దామన్నా కుదరదు. "నైదర్, నార్" వస్తే క్రియ దగ్గర్లో ఉన్న కర్తని బట్టి మారాలని అక్కడ రూలు. మనకి "నువ్వూ రాలేదు, నేనూ రాలేదు, వాళ్ళూ రాలేదు." ఎవరు రాకపోయినా "రాలేదు" ఒక్కటే.

"అంటే మన భాషలో రానివాళ్ళందరూ సమానమే అన్నా" అన్నాడు వాడు. డైలాగులు రాసేవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది!

మేం వాడే పుస్తకం రెన్ అండ్ మార్టిన్. మన నాన్నల కాలం నుంచీ ప్రతి ఇంటి అటక మీదా ఉన్నదే. అట్ట మీద సవరించినవారి పేరు ఎన్.డి.వి. ప్రసాదరావు అని ఉంటుంది. మన పేరులా వినిపించే ఆ పేరు చూసి చిన్నప్పుడు ధైర్యం వచ్చేది. రెన్ గురించి మాత్రం ఈ మధ్యే తెలిసింది. పెర్సివల్ క్రిస్టఫర్ రెన్ మన దేశంలో విద్యాశాఖలో పనిచేశాడు. ఆ తర్వాత 1924లో "బో జెస్ట్" అనే సాహస నవల రాశాడు. దాన్ని 1926లో మూకీగా తీశారు, 1939లో గ్యారీ కూపర్‌తో మళ్ళీ తీశారు. ఒక ఇంట్లో ఖరీదైన నీలమణి మాయమవుతుంది. ముగ్గురు అన్నదమ్ములు ఎవరికి వారే ఆ నేరం తన మీద వేసుకుని వెళ్ళి ఫ్రెంచ్ సైన్యంలో చేరతారు. ఈ సంగతి చెబితే మా వాడు పుస్తకం అట్ట తిప్పి చూశాడు. "గ్రామర్ రాసినాయన మనోడేనా!" అన్నాడు. ఆ రోజు నుంచి పుస్తకం మీద వాడికి గౌరవం పెరిగింది.

పాసివ్ వాయిస్ దగ్గరికి వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. "సమ్‌వన్ హాజ్ స్టోలెన్ మై పర్స్" అనే వాక్యాన్ని మార్చాలి. "మై పర్స్ హాజ్ బీన్ స్టోలెన్." అక్కడితో ఆపెయ్యాలి. ఎవరు చేశారో తెలియనప్పుడు, లేదా చెప్పక్కర్లేనప్పుడు "బై" భాగం వదిలెయ్యొచ్చని రూలు. సొంతంగా ఐదు వాక్యాలు రాయమన్నాను. నేను కాఫీ కలుపుకుని వచ్చేసరికి రాసేశాడు. నాలుగు మామూలువే. ఐదోది ఇది: "ది హాస్పిటల్ సీన్ వాజ్ రిటెన్ బై మీ."

వ్యాకరణ ప్రకారం తప్పేమీ లేదు. కానీ ఏ సీనో నాకు అర్థమైంది.

వాడు పనిచేసిన ఒక సినిమా రెండేళ్ళ కింద వచ్చింది. అందులో ఒక తండ్రి ఆసుపత్రి బిల్లుని కొడుక్కి కనిపించకుండా చొక్కా జేబులో మడిచి పెట్టుకునే సీను ఉంది. మాటలు ఆరేడుకి మించవు. దాని మీద నేను వ్యాసం రాశాను. సినిమాలో మిగతాదంతా చీల్చి చెండాడి, ఆ ఒక్క సీన్ గురించి మూడు పేరాలు పొగిడాను. టైటిల్స్‌లో మాటల రచయితగా పడిన పేరు చూసి, ఆయన ఇన్నాళ్ళకి నిగ్రహం నేర్చుకున్నాడని కూడా రాశాను. మా వాడు ఆ వ్యాసం చదివి నాకు మెసేజ్ పెట్టాడు, "సూపర్ అన్నా" అని. అంతే. రెండేళ్ళలో ఇంకో మాట అనలేదు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదురా?"

"ఏమని చెప్పను? నువ్వు బాగుందన్నావ్ కదా. చాల్లే అనుకున్నా."

వాడు వెళ్ళాక ఆ వ్యాసం తీసి చదివాను. తెలుగులో పాసివ్ పెద్దగా లేదని, "రాయబడింది" లాంటివి అనువాదాల పాపమని మనం గర్వంగా చెప్పుకుంటాం. నేనూ ఎన్నోసార్లు చెప్పాను. నా వ్యాసంలో ఒక్క "బడు" కూడా లేదు. కానీ "ఎంతో నిగ్రహంతో రాసిన సీన్" అని ఉంది. రాసిన సీన్. ఎవరు రాసిన? ఆ మాట కర్తని అడగదు. ఇంగ్లీష్‌వాడు మనిషిని దాచాలంటే వాక్యమంతా తిరగెయ్యాలి. మనం ఒక్క "రాసిన"తో ఏ శబ్దమూ లేకుండా పని కానిచ్చేస్తాం. తర్వాత వాక్యంలో నేనే ఆ ఖాళీలో ఇంకొకరి పేరు పెట్టాను. నాకు తెలియదు, నిజమే. తెలుసుకునే ప్రయత్నమూ చేయలేదు. రాసినవాడు ఇంటికొచ్చి నా చేతి ఉప్మా తింటున్నాడు.

ఆ తర్వాతి వారం రిపోర్టెడ్ స్పీచ్. అన్నమాట గతంలో ఉంటే "విల్" పోయి "వుడ్" అవుతుంది, "టుమారో" కాస్తా "ది నెక్స్ట్ డే" అవుతుంది. ఎవరో ఎప్పుడో ఇచ్చిన మాట చెబుతుంటే అది పాతదైపోయిందని వ్యాకరణమే గుర్తు చేస్తుంది. మన "అని"కి ఆ పట్టింపు లేదు. వాళ్ళు "పేరు వేస్తాం" అన్నారు. మనం "పేరు వేస్తామన్నారు" అంటాం. ఐదేళ్ళ కిందట అన్నా, నిన్న అన్నా "వేస్తాం" అలాగే ఉంటుంది, అప్పుడే వాళ్ళ నోట్లోంచి ఊడిపడినట్టు. ఎవరన్నారో కూడా చెప్పక్కర్లేదు, "అన్నారు" చాలు. ఫిల్మ్ నగర్‌లోనూ కృష్ణానగర్‌లోనూ ఎంతమంది ఆ "అన్నారు" మీద అద్దెలు కడుతున్నారో! మా వాడికి ఈ రూలు ఎంతకీ పట్టుబడలేదు. ప్రతిసారీ "విల్" అలాగే ఉంచేసేవాడు. వాడి బుర్రకి అందక కాదనుకుంటాను. ఏడేళ్ళ అలవాటు.

వ్యాసం సరిచేస్తానన్నాను. ఆ సీన్ ఎవరు రాశారో కింద ఒక వాక్యం చేరుస్తానన్నాను. వాడు గట్టిగా వద్దన్నాడు. "నీకు ఒక వాక్యం అన్నా. నాకు మళ్ళీ ఎవరూ ఫోన్ చెయ్యరు." నిజమే. నా నిజాయితీకి కిరాయి వాడు కట్టాలి. అందుకే ఇక్కడ కూడా సినిమా పేరు రాయడం లేదు, మనుషుల పేర్లూ రాయడం లేదు. వాడే ఒప్పుకున్నాక, వాడికి చదివి వినిపించాకే ఇది పంపుతున్నాను. చేయగలిగింది ఒక్కటే మిగిలింది. ఇప్పుడు సినిమా అయిపోయాక థియేటర్లో లైట్లు వేసినా కూర్చుంటున్నాను, చివరి అక్షరాలు పైకి పోయేదాకా. ఊడ్చేవాళ్ళు విసుక్కుంటారు. రాసేటప్పుడు "బాగా రాసిన" అని వేలు పోతే ఆగుతున్నాను. తెలియకపోతే, టైటిల్స్ ప్రకారం ఫలానావారు అని రాస్తున్నాను. అందంగా ఉండదు.

టైర్ వన్ కీ వచ్చింది. ఇంగ్లీష్‌లో ఇరవై ఒకటి కరెక్టు, నాలుగు తప్పు. నలభై మార్కులు. తప్పుల్లో రెండు రిపోర్టెడ్ స్పీచే. మిగతా సెక్షన్లూ బాగానే చేశాడు, తర్వాత టైర్ టూకి పిలుపొచ్చింది. చిన్నాన్న ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు.

మొన్న ఆదివారం కొత్త పుస్తకం తెరిచి కూర్చున్నాం. గంట కాకముందే వాడి ఫోన్ మోగింది. బయటికి వెళ్ళి మాట్లాడొచ్చి బ్యాగ్ సర్దుకుంటున్నాడు.

"ఏంట్రా?"

"కొత్త కథకి సిట్టింగ్ అన్నా, రోడ్ నంబర్ 36 దగ్గర ఆఫీసులో. పాత డైరెక్టర్ గారే." చెప్పులు వేసుకుంటూ, నా మొహం చూడకుండా అన్నాడు. "ఈసారి కచ్చితంగా పేరు వేస్తామన్నారు."