చింతపండుతో తోమిన రూపాయి

2021లో దసరా ముందు ఒక మధ్యాహ్నం మావయ్య ఫోన్ చేశాడు. "అమ్మలూ, జీఎస్టీ మనమే ముందు కట్టాలా?" అన్నాడు. దేనికి మావయ్యా అంటే, "బిళ్లకి" అన్నాడు.

అప్పటికే పద్దెనిమిది వేలు పోయాయి. వైష్ణోదేవి అమ్మవారి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ల ఒకటి ఆయన దగ్గరుంది. దానికి పది లక్షలిస్తామని ఎవరో వీడియోలో చెబితే, కింద ఉన్న నంబరుకి ఫోటో పంపాడు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు అన్నారు. తర్వాత కొరియర్ ఇన్సూరెన్సు. ఇప్పుడు జీఎస్టీ. రిజర్వు బ్యాంకు ముద్రతో వాట్సాప్‌లో కాగితం కూడా వచ్చింది. తన పేరు, లోగో వాడుకుని పాత నాణేలకి ఫీజులు, కమిషన్లు అడిగేవాళ్లని నమ్మొద్దని ఆ ఆగస్టులోనే రిజర్వు బ్యాంకు ప్రకటన ఇచ్చింది. ఆ ప్రకటన కైకలూరులో మావయ్య ఫోన్ దాకా రాలేదు. వీడియో వచ్చింది.

మావయ్య అమాయకుడు కాదు. తెల్లవారుజామున చెరువు గట్టు మీద నిలబడి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్న తీరు చూసి, నీళ్లలో ఆక్సిజన్ ఎంత పడిపోయిందో చెప్పేస్తాడు. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు కొట్టేసినప్పుడు, ఆయన వాటా ఉన్న చెరువు కూడా పోయింది. అది సరస్సు నేల, సరస్సుకి వెళ్లాల్సిందే అని నేను కాలేజీలో వాదించేదాన్ని, ఇప్పటికీ అదే అంటాను. ఆ వాదన విన్న మావయ్య ఆ రోజు అన్నం మధ్యలో లేచి వెళ్లిపోయాడు. అప్పటి నుంచీ వేరేవాళ్ల చెరువుల్లో మేత వేస్తున్నాడు. కొంచెం కొంచెంగా పోయినది ఒక్కసారిగా తిరిగి రావాలని ఎదురుచూసే మనిషికి, పది లక్షలనేది నమ్మలేని అంకె కాదు. సరిగ్గా సరిపోయే అంకె.

కోపంతో నాణేల గురించి చదవడం మొదలుపెట్టాను. మావయ్య బిళ్ల సంగతి తొందరగానే తేలింది. ఆలయ బోర్డు రజతోత్సవానికి 2012 సంవత్సరం వేసి ప్రభుత్వం విడుదల చేసిన మామూలు నాణెం అది. కూరగాయల దుకాణంలో ఇస్తే ఐదు రూపాయల కొత్తిమీర వస్తుంది. కానీ చదవడం అక్కడ ఆగలేదు. నిజంగా ఎక్కువ ధర పలికే నాణేలు కొన్ని ఉన్నాయని, అవి తప్పుగా అచ్చయినవని తెలిసింది.

మనకి నాలుగు టంకశాలలు. బిళ్ల మీద సంవత్సరం కింద చుక్క ఉంటే నోయిడా, వజ్రం గుర్తుంటే ముంబై, నక్షత్రం ఉంటే హైదరాబాదు, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఖాళీ లోహపు బిళ్ల రెండు అచ్చుల మధ్యకి వస్తుంది. చుట్టూ కాలర్ అనే ఉక్కు ఉంగరం పట్టుకుంటుంది. ఒక్క దెబ్బ. బొమ్మ, అంచు ఒకేసారి తయారు. ఈ వరసలో ఏది తప్పినా తప్పుడు నాణెం పుడుతుంది. బిళ్ల పక్కకి జరిగితే బొమ్మ పక్కకి పడుతుంది, దాన్ని ఆఫ్ సెంటర్ అంటారు. ముందటి నాణెం అచ్చులోనే ఇరుక్కుపోతే, తర్వాతి దాని మీద అదే బొమ్మ తిరగబడి, లోపలికి గుంటలా పడుతుంది. అది బ్రాకేజ్. ఒక అచ్చు బిగింపు వదులై తిరిగిపోతే రొటేటెడ్ డై.

తప్పు టంకశాలలోనే జరిగి ఉండాలన్నది అన్నిటికంటే పెద్ద నియమం. గేటు దాటాక ఏం జరిగినా దాన్ని డ్యామేజీ అంటారు. చిన్నప్పుడు పవర్‌పేట స్టేషన్ దగ్గర పిల్లలం పట్టాల మీద పది పైసల బిళ్లలు పెట్టి, రైలు వెళ్లాక రేకుల్లా సాగినవి ఏరుకునేవాళ్లం. వాటి విలువ సున్నా. పుట్టుకతో వచ్చిన వంకరకి ధర, బతుకులో వచ్చిన వంకరకి తరుగు. చదువుతుంటే ఎందుకో ఒళ్లు మండింది.

అప్పుడే నాన్న రూపాయి గుర్తొచ్చింది.

నాన్న తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో గుమస్తా. ఏలూరు నుంచి పొద్దున పాసింజరుకి వెళ్లి, రాత్రికి కర్నూలు ఉల్లిపాయల వాసనతో వచ్చేవాడు. ఒకరోజు సాయంత్రం లెక్కలో ఒక రూపాయి బిళ్ల తేడాగా కనిపించింది. పైన సింహాల తలలు తెగిపోయి, కింద నెలవంకంత ఖాళీ. దొంగ బిళ్ల తీసుకున్నావని షావుకారు దాన్ని నాన్న ఖాతాలో వేశాడు. ఒక్క రూపాయే, కానీ పదిమంది హమాలీల ముందు. నాన్న దాన్ని ఎవరికీ అంటగట్టలేదు. ఇంటికి తెచ్చి అమ్మకిచ్చి, "ఇది దొంగది కాదే, దారి తప్పింది" అన్నాడట. అమ్మ దేవుడి పళ్లెంలో పెట్టింది. నాన్న పోయి తొమ్మిదేళ్లయినా అది అక్కడే ఉంది.

దసరాకి ఏలూరు వెళ్లినప్పుడు దాన్ని హైదరాబాదు తెచ్చి, కోఠి దగ్గర ఒక నాణేల షాపులో చూపించాను. 1989 రూపాయి, రాగి నికెల్ కలిపినది. షాపాయన భూతద్దం కింద చాలాసేపు తిప్పాడు. "జెన్యూన్ ఎర్రర్ మేడమ్. ఆరో వంతు జరిగింది. సంవత్సరం మిగిలింది కాబట్టి మంచిదే" అన్నాడు. నా గుండె ఎందుకు కొట్టుకుందో నాకే తెలీదు. షావుకారు తప్పు, నాన్న ఒప్పు అని ముప్పై ఏళ్ల తర్వాత ఎవరో తీర్పు చెప్పినట్టుంది. అంతలో ఆయన, "కానీ దీన్ని తోమారు" అన్నాడు.

తోమారు. ప్రతి శుక్రవారం. ఇత్తడి కుందులతో పాటు, చింతపండూ బూడిదా వేసి.

భూతద్దం నాకిచ్చాడు. నెలవంక ఖాళీలో వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు, వందలు, ఒకదాని మీద ఒకటి. తోమకపోతే రెండున్నర వేలకి తీసుకునేవాణ్ణని, ఇప్పుడు ఎనిమిది వందలిస్తానని అన్నాడు. మరి గ్రేడింగు చేయిస్తే? ఆయన నవ్వి, షెల్ఫులోంచి ఒక స్లాబ్ తీసి బల్ల మీద పెట్టాడు.

అరచేతిలో పట్టే గట్టి ప్లాస్టిక్ పెట్టె, తెరవాలంటే పగలగొట్టాల్సిందే. పైన లేబుల్ మీద నాణెం పేరు, తప్పు పేరు, ఒక నంబరు. ఒకటి నుంచి డెబ్బై దాకా ఉండే ఈ కొలత షెల్డన్ అనే ఆయన 1949లో పాత అమెరికన్ సెంట్ల కోసం పెట్టినది. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే అమెరికన్ సంస్థలు వచ్చి ఆ నంబరుని పెట్టెకి అతికించాయి. తోమిన నాణేనికి మామూలుగా నంబరు ఇవ్వరు. అసలైనదే, కానీ శుభ్రం చేశారు అని రాసి పంపుతారు. "ఆ మాట రాయించుకోవడానికయ్యే ఖర్చు ఈ నాణెం కంటే ఎక్కువ మేడమ్" అన్నాడు.

నాకు ఆసక్తి కలిగించింది ఆ పెట్టెలో నాణెం కూర్చునే తీరు. పెట్టెలు సరైన నాణేల కొలతకి చేస్తారు. పక్కకి జరిగి అచ్చయినదాన్ని కాలర్ పట్టుకోదు కాబట్టి అది కొంచెం సాగి, గుండ్రం తప్పుతుంది. మామూలు గుంటలో ఇమడదు, పెద్ద గుంటలో వదులుగా కదులుతుంది. షాపాయన చూపించిన స్లాబులో ఉన్నది రొటేటెడ్ డై నాణెం. ముందువైపు సింహాలు నిటారుగా ఉన్నాయి. పెట్టె తిప్పితే వెనకవైపు అంకె పడిపోతున్నట్టు వాలి ఉంది. చేతిలో ఉంటే ఏది వాలిందో తేల్చలేం, ఎటు తిప్పితే అది నిటారు. పెట్టె అంచు తిన్నగా ఉంది కాబట్టి ఆ వంకర కనబడుతోంది. ఐదో కాంటూరు గీత గుర్తొచ్చింది. ఆ గీత పక్కన పెట్టి చూస్తేనే మావయ్య చెరువు తప్పయింది. గీత తప్పు కాదు. కానీ ఆ రోజు అన్నం ముందు గీత గురించి తప్ప మనిషి గురించి నేనేమీ మాట్లాడలేదు.

ఎనిమిది వందలు వద్దన్నాను. గుండ్రటి ప్లాస్టిక్ క్యాప్సూల్ ఒకటి ముప్పై రూపాయలకి కొని, నాన్న రూపాయిని అందులో పెట్టి ఏలూరు తీసుకెళ్లాను. ఇక తోమొద్దని, తోమడం వల్లే దాని ధర పడిపోయిందని అమ్మకి వివరించాను. అంతా విని, "అమ్మేదేమైనా ఉందేంటి?" అంది. లేదన్నాను. "మరి దేవుడి దగ్గర పెట్టేదాన్ని తోమకుండా ఎలా పెడతానే?" అని క్యాప్సూల్ విప్పేసింది.

మావయ్య కార్తీకమాసంలో వచ్చాడు, సంచీలో కొరమీను వేసుకుని. అమ్మ మాలలో తినదని మర్చిపోయాడట. పోలీసు కంప్లైంటు సంగతి అడిగితే, రాసుకున్నారులే అన్నాడు. కాసేపు ఊరుకుని, "నీ రూపాయి నిజమైందేనటగా" అన్నాడు. అవునన్నాను. ఎంతొస్తుందని అడుగుతాడేమో అని భయపడ్డాను. ఆయన మాత్రం, "బావ చెప్పాడప్పుడే. ఎవరూ వినలేదు" అన్నాడు.

ఏదో ఒకటి అనాలనిపించి, "అప్పుడు చెరువు గురించి నేనలా మాట్లాడి ఉండకూడదు మావయ్యా" అన్నాను.

"నువ్వన్నది కరెక్టేగా" అన్నాడు, నాకేసి చూడకుండా. ఆ తర్వాత దేవుడి గూటి పక్కన ఖాళీగా పడున్న క్యాప్సూల్ తీసుకుని, చొక్కా జేబులోంచి పసుప్పచ్చ ఐదు రూపాయల బిళ్ల తీసి అందులో పెట్టాడు. చిన్నదైపోయి గలగలమంది. క్యాలెండరు మూల చింపి, మడిచి, చుట్టూ దోపాడు. చప్పుడు ఆగింది.

"పద్దెనిమిది వేలు పెట్టి కొన్నది ఇదొక్కటే," అన్నాడు నవ్వుతూ. "ఆమాత్రం పెట్టె ఉండాలి కదమ్మా."