సముద్రానికి తలుపు లేదు

రావికమతం నుండి సముద్రం కనబడదు. మాకు కనబడేవి కొండలు, చెరకు తోటలు, వరి మళ్లు. నీళ్లంటే మాకు చెరువులు, కల్యాణపులోవ జలాశయం. మా సంఘములో అరవై ఏళ్లు దాటినా సముద్రం చూడని తల్లులు ఉన్నారు. అందుచేత ఈసారి బాప్తిస్మము పొందబోయే ఏడుగురిని, వారి కుటుంబాలను సముద్రం దగ్గరకే తీసుకువెళ్దామని మేము నిర్ణయించుకున్నాము.

తొలికోడి కూయకముందే రెండు వ్యాన్లలో బయలుదేరాము. చోడవరం, అనకాపల్లి, విశాఖపట్నం దాటి భీమిలి రోడ్డు పట్టేసరికి బాగా పొద్దెక్కింది. కుడివైపు నీలంగా సముద్రం కనబడగానే పిల్లలు కేకలు వేశారు. ముసలి తల్లి ఒకామె మాత్రం ఏమీ అనలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఋషికొండ, ఎర్రమట్టి దిబ్బలు దాటిన తరువాత, కొన్నేళ్ల క్రితం మేము దిగిన చోటు కోసం వెదికాము. అప్పుడక్కడ సరుగుడు తోపు మధ్యనుండి కాలిబాట ఉండేది. ఇప్పుడు ఇనుప గేటు ఉంది. దాని పక్కన పొడవైన గోడ. కాపలా కాసే అబ్బాయి మర్యాదగానే చెప్పాడు: "లోపల గది తీసుకున్నవాళ్లకేనండి. ఇటు దారి లేదు."

"అయ్యగారూ, సంద్రానికి కూడా టికెట్టా?" అని ఆ తల్లి మమ్మల్ని అడిగింది. మేము జవాబు చెప్పలేకపోయాము. ఆ అబ్బాయితో వాదించలేదు. అతనూ పొట్టకూటికి వచ్చినవాడే. తలలు వంచుకుని వ్యాను ఎక్కాము. అలా ఎక్కడం వినయమని ఆ పూట అనుకున్నాము. మన హక్కు మనకు తెలియకపోవడమని తరువాత తెలిసింది.

కొంచెం ముందుకు వెళ్తే ఒక మత్స్యకారుల పల్లె వచ్చింది. ఇసుక మీద చేపలు ఎండబెడుతున్న ఒక సహోదరి మా సంగతి విని నవ్వింది. "సంద్రానికి గుమ్మముంటాదేటి బాబూ? మా వీధమ్మట రండి" అని ముందు నడిచింది. తన ఇంటి ముందు ఆరేసిన వలను పక్కకు లాగి మాకు దారి ఇచ్చింది. ఎక్కడ లోతు తక్కువో, ఎక్కడ నీరు లోపలికి లాగుతుందో వాళ్లాయన చూపించాడు. ఆయన చూపించిన చోటే ఏడుగురికీ బాప్తిస్మమిచ్చాము. ముసలి తల్లి మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి దేవుని స్తుతించింది.

భోజనాల వేళ ఆయన మాకు ఒక సంగతి చెప్పాడు. అలివి వల వేసేటప్పుడు వల కొసలు పట్టుకుని పాతిక ముప్పై మంది ఒడ్డు మీదనుండి లాగాలట. అందుకు ఇసుక మీద చాలా దూరం ఖాళీ ఉండాలి. పడవలు పైకి లాక్కోవడానికి, వలలు బాగుచేసుకోవడానికి, చేపలు ఎండబెట్టడానికి కూడా ఆ ఇసుకే చోటు. మనకు ఒక్కరోజు వినోదమైన తీరం వారికి పొలం, కళ్లం. గోడ పెరిగినకొద్దీ ఆ పొలం తరుగుతుంది.

తిరిగి వచ్చాక న్యాయవాది అయిన ఒక సహోదరుని అడిగి తెలుసుకున్నాము. సి.ఆర్.జెడ్. అని పిలిచే తీరప్రాంత నిబంధనలను కేంద్ర ప్రభుత్వం 1991 ఫిబ్రవరిలో తెచ్చింది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నీరు చేరే హద్దు నుండి 500 మీటర్ల వరకు అవి వర్తిస్తాయి. గ్రామీణ తీరాలలో హోటళ్లకు, విడిదులకు అనుమతి ఇచ్చేటప్పుడు, ఏ రెండింటి మధ్యనైనా ప్రజలు తీరానికి వెళ్లడానికి కనీసం 20 మీటర్ల వెడల్పు ఖాళీ విడవాలని అందులో ఉంది. కంచె వేసుకున్నా అది జనం రాకపోకలకు అడ్డు కాకూడదు. 2011లో, 2019లో నిబంధనలు మారాయి. జనసాంద్రత ఎక్కువగా ఉన్న పల్లె తీరాలలో కట్టడాలు నిషేధించిన 200 మీటర్లను 2019లో 50 మీటర్లకు తగ్గించారు. అయినా 20 మీటర్ల దారి మాట మాత్రం పోలేదు.

1996లో హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నది ఒడ్డున కట్టిన ఒక విడిది విషయంలో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, నదులు, తీరాలు ప్రజలవని, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమేనని తేల్చింది. ఋషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. 2023 జూలైలో అక్కడ మనిషికి 20 రూపాయల ప్రవేశ రుసుము పెట్టబోతే, ప్రజలు అభ్యంతరం చెప్పడంతో వెనక్కి తీసుకున్నారు. అడిగితే దారి తెరుచుకుంటుందనడానికి ఇది మన కళ్లెదుట జరిగిన సాక్ష్యం.

పాఠకులారా, మన ప్రభువు సముద్రతీరమందు బోధించినప్పుడు జనమంతా ఒడ్డున నిలిచి విన్నారు (మార్కు 4:1). అక్కడ గోడ ఉంటే వారెక్కడ నిలబడేవారు? తూరులో పౌలును సాగనంపడానికి విశ్వాసులు భార్యలతో, పిల్లలతో ఊరి వెలుపలికి వచ్చి తీరాన మోకాళ్లూని ప్రార్థించారు (అపొ. కార్యములు 21:5). ఇతరులకు చోటు మిగలకుండా ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకునేవారిని యెషయా హెచ్చరించాడు (5:8). మనుష్యుల విశ్రాంతికి విడిదులు కట్టడం పాపమని మేము చెప్పడం లేదు. బాటను మూయడమే తప్పు.

ఇది రాస్తుండగా మా మనస్సాక్షి మమ్మల్నే గద్దించింది. రెండేళ్ల క్రితం మందిరానికి ప్రహరీ కట్టించాము. అంతకుముందు వెనుక వీధి స్త్రీలు మన ఆవరణలోనుండి నడిచి బోరింగు దగ్గరకు వెళ్లేవారు. గోడ కట్టాక వారు బిందెలతో చుట్టూ తిరిగి వెళ్తున్నారు. ఒక్కరూ మమ్మల్ని అడగలేదు. భీమిలి రోడ్డులో మేము తలవంచుకున్నట్టే వారూ తలవంచుకున్నారు. మర్నాడు పెద్దలను కూడగట్టి సంగతి చెప్పాము. ఒకరిద్దరు ఖర్చు గురించి సణిగినా, వారం తిరక్కుండా వెనుక గోడకు దారి తీయించాము. దానికి తలుపు పెట్టలేదు.

మీరు సముద్రానికి వెళ్లినప్పుడు దారి మూసి ఉంటే కోపపడకండి, తలవంచుకుని తిరిగి రాకండి. ఆ 20 మీటర్ల దారి ఎక్కడని మర్యాదగా అడగండి. చెప్పకపోతే పదిమంది సంతకాలతో కలెక్టరు గారికి అర్జీ ఇవ్వండి. ఇంటికి వచ్చాక మీ గోడను కూడా ఒకసారి చూసుకోండి. మన కోసం వల పక్కకు లాగిన ఆ సహోదరి మనస్సును ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.