కొడుకున్నాడు, చూసుకుంటాడు

మా వైపు చావింట్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. ఇంటిపెద్ద పోయినప్పుడు ఎవరో ఒకరు ఆ ఇల్లాలి భుజం మీద చెయ్యి వేసి, "ఏడవకమ్మా, కొడుకున్నాడు, చూసుకుంటాడు" అంటారు. నేనూ ఎన్నో ఇళ్లలో అన్నాను. రెండేళ్ల కిందట గుంటూరు జిల్లాలోని ఒక పల్లెలో అన్నది మాత్రం నన్నింకా వదల్లేదు.

పోయినాయన తాపీ మేస్త్రి. శ్మశానం దారి దగ్గర మొదలైన తగాదాలో అవతలి కులంవాళ్లు నలుగురు కలిసి కొట్టి చంపారు. కొడుక్కి పందొమ్మిదేళ్లు, పాలిటెక్నిక్ రెండో ఏడు చదువుతున్నాడు. ఏడుస్తున్న తల్లికి ఓదార్పుగా నేను ఆ మాట అన్నాను. గుమ్మం బయట వాడి మేనమామ కూడా అదే మాట అన్నాడు, మీసం మీద చెయ్యి వేసి. నేనన్నది ఇల్లు చూసుకోవడం గురించి. ఆయనన్నది వాళ్ల సంగతి చూసుకోవడం గురించి. మధ్యలో నిలబడిన పిల్లాడు రెండూ విన్నాడు.

వాడు కాలేజీ మానేసి తండ్రి తాపీ పట్టుకున్నాడు. చెల్లెలి ఫీజు కట్టాడు. తల్లికి రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే వీధరుగు మీద తోడు కూర్చునేవాడు. తాను మాత్రం ఒక్కసారీ ఏడవలేదు. ఎంత గట్టివాడో అని అందరం మెచ్చుకున్నాం. తండ్రి చనిపోయిన పిల్లాడు ఏడవకపోతే మెచ్చుకోవడం కాదు, పక్కన కూర్చోవాలని మాలో ఎవరికీ తోచలేదు.

కేసు పనులు నేను చూస్తున్నాను. నాకు న్యాయశాస్త్రం మీద నమ్మకం తేలిగ్గా వచ్చింది కాదు. నేను లా కాలేజీలో ఉండగా, 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లను ఎనిమిది మందిని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. అదంతా చూసి కూడా, బాబాసాహెబ్ మనకిచ్చిన దారి ఇదేనని ఊరూరా చెబుతూ వచ్చాను. ఆ పిల్లాడికీ చెప్పాను. "చట్టం ఆలస్యమవుతుంది నాన్నా, కానీ మనం దాన్ని వదలకూడదు" అన్నాను. వాడు నమ్మాడు. వాయిదా ఉన్న ప్రతిసారీ కూలి మానుకుని వచ్చి కోర్టు వరండాలో కూర్చునేవాడు.

ఇక నా తప్పు. సంవత్సరీకం ఆదివారం అనగా గురువారం నాడు కోర్టు ఆవరణలో ఒక జూనియర్ లాయరు చెప్పాడు, నలుగురికీ బెయిలు వచ్చిందని. అత్యాచారాల నిరోధక చట్టంలో 15-ఎ సెక్షన్ ఉంది. బెయిలు విచారణ సహా కేసులో ఏ విచారణ జరిగినా బాధిత కుటుంబానికి ముందుగా తెలియజేయాలి, వాళ్ల మాట కూడా వినాలి. ఆ తల్లికి ఏ కాగితమూ అందలేదు. నేను వెంటనే వెళ్లి చెప్పాల్సింది. కానీ ఆమె సంవత్సరీకానికి బియ్యం చెరుగుతూ ఉంటుంది, ఇప్పుడెందుకు గుండె కోయడం, సోమవారం చెబుదాం అనుకున్నాను. దయ అనుకున్నాను దాన్ని. ఆ మాట నోటితో చెప్పలేని నా పిరికితనం కూడా అందులో ఉంది.

శనివారం సాయంత్రం పని నుంచి వస్తూ వాడు సెంటర్లో టీ బంకు దగ్గర ఆ నలుగురినీ చూశాడు. ఒకడు వీణ్ణి చూసి నవ్వాడట. పక్కన కొబ్బరి బొండాల బండి, దాని మీద కత్తి. వాడు కత్తి తీసేసరికి నలుగురూ పరుగెత్తారు. దొరికింది వాళ్లలో ఒకడి తమ్ముడు. వాడికీ పందొమ్మిదేళ్లే. హత్య జరిగిన రోజు ఊళ్లోనే లేడు. దెబ్బ కుడి ముంజేతి మీద పడింది. ప్రాణం దక్కింది. మన పిల్లాడి మీద హత్యాయత్నం కేసు పడింది.

సంవత్సరీకం నాడు ఆ తల్లి భర్త ఫొటోకి దండ వేసి, అట్నుంచటే జైలు గేటుకి వచ్చింది. "నువ్వు చూసుకోవాలిరా అని రోజూ నేనే అన్నాను అక్కా. నేనే పంపినట్టయింది" అంది. ఆమెను ఏమని సముదాయించను? బెయిలు సంగతి నాకు గురువారమే తెలుసని అప్పుడే, ఆ గేటు దగ్గరే చెప్పాను. ఆమె చాలాసేపు నా వైపు చూసి, ఏమీ అనకుండా నా చేతిలోని అన్నం క్యారేజీ తీసుకుంది.

మూడో ములాఖత్‌లో వాడికి దీఘావు కథ చెప్పాను. వినయ పిటకంలోని మహావగ్గలో ఉంది. కోశాంబి భిక్షువులు తమలో తాము కొట్లాడుకుంటున్నప్పుడు భగవానుడు చెప్పిన కథ. కాశీ రాజు బ్రహ్మదత్తుడు కోసల రాజు దీఘీతి రాజ్యం లాక్కున్నాడు. మారువేషంలో ఉన్న దీఘీతినీ రాణినీ పట్టుకుని వీధుల్లో తిప్పి చంపించాడు. ఆ తండ్రి చివరిసారి కొడుకుని చూసి, దీర్ఘంగా చూడకు, కురచగా చూడకు అన్నాడు. పగతో పగ చల్లారదన్నాడు. కొడుకు దీఘావు తల్లిదండ్రులకు చితి పేర్చి, ఏడ్చి, తర్వాత ఆ రాజు కొలువులోనే చేరాడు. ఒకనాడు అడవిలో రాజు వాడి ఒడిలోనే తలపెట్టి నిద్రపోయాడు. దీఘావు మూడుసార్లు కత్తి దూశాడు, మూడుసార్లూ తండ్రి మాట గుర్తొచ్చి ఒరలో పెట్టాడు.

పిల్లాడు తలొంచుకుని విన్నాడు. తర్వాత అడిగాడు.

"తర్వాత ఆ రాజు ఏం చేశాడు పెద్దమ్మా?"

"తప్పు తెలుసుకుని, రాజ్యం తిరిగి ఇచ్చాడు. సైన్యం, ఖజానా, తన కూతుర్ని కూడా ఇచ్చాడు."

"మరి మాకెవరిస్తారు? వాడు నవ్వాడు పెద్దమ్మా."

నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లుగా ఆ కథను ధమ్మ తరగతుల్లో చెబుతూ, ఒరలో పెట్టిన కత్తి దగ్గరే ఆపేస్తున్నానని అప్పుడు తెలిసింది. దీఘావు ఓర్పు కథలో సగమే. మిగతా సగం, చేసినవాడు చేశానని ఒప్పుకుని తీసుకున్నది తిరిగి ఇవ్వడం. ఆ రెండో సగం లేకుండా మొదటి సగాన్ని మాత్రం మన పిల్లల నెత్తిన పెడితే అది మైత్రి బోధ కాదు, నోరు మూసుకోమనడమే.

అయినా వాడు చేసింది ఒప్పు అనను. ఆ మాట వాడికీ చెప్పాను. తండ్రి అప్పు తీర్చాననుకున్నాడు, కానీ ఆ అప్పుతో సంబంధం లేని చేతి మీద తీర్చాడు. దీఘావు కూడా రాజుతో ఇదే అంటాడు. నిన్ను నేను చంపితే నీవాళ్లు నన్ను చంపుతారు, నావాళ్లు వాళ్లను చంపుతారు, ఇక దానికి ముగింపు ఉండదని.

ఆరో ములాఖత్‌లో నేను కూర్చోకముందే వాడు అడిగాడు, "ఆ అబ్బాయి చెయ్యి ఎలా ఉంది?" అని. రెండు వేళ్లు ముడవడం లేదట అని చెప్పాను. వాడు తన చేతులు చూసుకున్నాడు. "తాపీ పట్టుకోలేడు" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. తండ్రి పోయాక మొదటిసారి. ఎవరి కోసం ఏడుస్తున్నాడో నేను అడగలేదు.

బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో పతితులకూ నేరస్థులకూ ఒక భాగం కేటాయించి, అంగులిమాలుణ్ణి అందులో చేర్చారు. మనం మాత్రం మన వాడల్లో ఒకడు జైలుకి వెళ్లగానే సంఘం పరువు పోయిందంటాం, లేదా మగాడనిపించుకున్నాడని చప్పట్లు కొడతాం. రెండూ వాణ్ణి ఒంటరి చేసేవే.

వాడికి ఇప్పుడు బెయిలు వచ్చింది. రెండు కేసులూ నడుస్తున్నాయి. ఒకదానిలో వాడు బాధితుడు, మరొకదానిలో ముద్దాయి. రెండు వాయిదాలకూ నేను పక్కన ఉంటున్నాను. 15-ఎ కింద ప్రత్యేక కోర్టులో దరఖాస్తు వేశాం. కుటుంబానికి రావలసిన పరిహారం, పింఛను గురించి కలెక్టరు కార్యాలయం చుట్టూ తిరుగుతున్నాం. మంచివార్త అయినా చెడ్డవార్త అయినా నాకు తెలిసిన రోజే వాళ్లకు తెలుస్తోంది.

ఉపాసకులకూ ఉపాసికలకూ నాదొక మనవి. మన విహారం పరిధిలో ఇలాంటి చావు జరిగితే మూడో రోజు పరిత్త పాఠంతో మన పని అయిపోదు. తీర్పు వచ్చేదాకా ఆ ఇంటికి ఇద్దరు మనుషుల్ని కేటాయిద్దాం. ఒకరు కోర్టు వాయిదాలకు, ఇంకొకరు ఆ ఇంట్లో ఏడవని పిల్లాడి కోసం.

మొన్న మరో చావింటికి వెళ్లాను. పన్నెండేళ్ల పిల్లాడు గుంజ పట్టుకుని నిలబడ్డాడు. ఒక పెద్దామె నోరు తెరిచి, "కొడుకున్నాడు..." అనబోయింది. నేను అడ్డుపడి, "మేమున్నాం, చూసుకుంటాం" అన్నాను. పిల్లాడు గుంజ వదిలేసి వెళ్లి వాళ్లమ్మ పక్కన కూర్చున్నాడు.