దారి పని

పోయిన మార్గశిరంలో మా ఊరి పక్కన యోగా, ధ్యాన శిబిరం పెట్టారు. చింతపల్లి వైపు చలికీ మంచుకీ పట్నాల నుంచి జనం రావడం మాకు కొత్త కాదు. కానీ వీళ్ళు ఫొటోల కోసం వచ్చినవాళ్ళు కారు. పది రోజులు మాట్లాడకుండా ఉంటారట. రోజూ ఉదయం ఒక పూట ఏదైనా సేవ చెయ్యాలని వాళ్ళ నియమం. ఈసారి కొండ మీది కాలిబాట బాగు చేద్దామనుకున్నారు. శిబిరం నడిపే ఆయన మా ఊరికి వచ్చి, "దారి తెలిసినవాళ్ళు మీరే, మీరూ రండి" అని అడిగాడు. కూలి లేదు, స్వచ్ఛందం అన్నాడు.

ఆ మాట దగ్గరే మా పెద్దలు ఆగిపోయారు. కూలి లేని దారి పని అంటే మన్యంలో ఎవరికీ తెలియనిది కాదు. వంద ఏళ్ళ కిందట నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేసినప్పుడు, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మా వాళ్ళ చేత చాలీచాలని కూలికి బలవంతంగా పని చేయించాడు. అల్లూరి సీతారామరాజు వెంట మా వాళ్ళు నిలవడానికి ఆ దారి పని కూడా ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడింది ఆ కోపమే. అందుకే మా తాత ఒకాయన నవ్వుతూనే అన్నాడు: "అప్పుడు తెల్లోడు కొట్టి సేయించాడు. ఇప్పుడు కళ్ళు మూసుకోమని సేయిస్తారేటి?"

రాత్రి మంట దగ్గర కూర్చుని మాట్లాడుకున్నాం. వాళ్ళకు కావలసింది సూర్యోదయం కనబడే బండ దాకా దారి. మాకు కావలసింది ఆ బండ దాటాక ఇంకో కిలోమీటరున్నర. అక్కడ పద్నాలుగు ఇళ్ళ గూడెం ఉంది. జ్వరమొచ్చినా, పురుడొచ్చినా డోలీ దిగేది ఆ దారినే. గూడెం దాకా చేస్తామంటే వస్తామని చెప్పాం. ఆయన సరేనన్నాడు.

అయిదు ఉదయాలు పని చేశాం. వాళ్ళు ఇరవై మంది పైన, మేము పదకొండు మందిమి. పారలు, గునపాలు, కత్తులు మావే. మొదటి రోజు వాళ్ళు ఆకులు ఊడ్చి, దారికి రెండు వైపులా వరసగా రాళ్ళు పేర్చారు. చూడ్డానికి బాగుంది. తాత ఏమీ అనకుండా సీసాలో నీళ్ళు తీసుకుని దారి మధ్యలో పోశాడు. నీళ్ళు ఆ రాళ్ళ మధ్యే ఇరుక్కుని, దారి పొడవునా కిందికి పారాయి. వాళ్ళకు మాట అక్కర్లేకపోయింది. వరస రాళ్ళు తీసేశారు. దారిని తినేది ఆకు కాదు, వాన నీరు. అందుకని దారిని లోయ వైపు కొంచెం వాలుగా చెక్కాం. వాలు ఎక్కువున్న చోట ఏటవాలుగా అడ్డకాలువ తీసి, దాని కింది అంచున పెద్ద రాళ్ళు సగం పైన మట్టిలో పాతాం. మట్టిని పట్టుకున్న వేళ్ళను మాత్రం నరకలేదు.

మలుపుల దగ్గర ఎంత వెడల్పు కావాలో వాళ్ళకు అర్థం కాలేదు. ఒకరి వెనక ఒకరు నడవడానికి జానెడు చోటు చాలు కదా! అప్పుడు వెదురు బొంగుకు దుప్పటి కట్టి, శిబిరం ఆవిడ ఒకామెను అందులో కూర్చోబెట్టి మోశాం. మలుపులో బొంగు తిరగలేదు. వెనక మోసేవాడి కాలు అంచు మీదికి పోయింది. ఆమె రెండు చేతులా బొంగును పట్టేసుకుంది. దిగాక కాసేపు అలాగే నిలబడి, గునపం అందుకుంది. మిగిలిన మలుపులన్నీ వాళ్ళే ముందు తవ్వారు.

ఆ మలుపు దగ్గర మాకూ సిగ్గేసింది. అది ఏళ్ళ తరబడి విరిగే ఉంది. సంతకు పోతూ వస్తూ చూస్తూనే ఉన్నాం. రోడ్డు వస్తుందిలే అనుకుని దారిని వదిలేశాం. మా పెద్దలు ఒకరి పోడుకు ఒకరు సాయం పోయినట్టే, వానలకు ముందు దారికీ పోయేవారట. ఆ అలవాటు మా చేతుల్లోనే పోయింది. దాన్ని గుర్తు చెయ్యడానికి బయటివాళ్ళు రావలసి వచ్చింది.

అలాగని బాగుపడిన కాలిబాట రోడ్డుకు బదులు కాదు. 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షను ప్రకారం, గ్రామసభ సిఫారసు చేస్తే, రోడ్డు లాంటి అవసరాలకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. శిబిరం వాళ్ళు వెళ్ళిన తర్వాతి వారమే గ్రామసభ పెట్టి తీర్మానం రాసి ఇచ్చాం. జవాబు ఇంకా రాలేదు.

ఆషాఢం వానల్లో గూడెం నుంచి పురిటి మనిషి డోలీలో దిగింది. ఆ మలుపులో డోలీ దింపకుండానే వచ్చామని మోసినవాళ్ళు చెప్పారు. తల్లీ బిడ్డా బాగున్నారు. కానీ మోసినవాళ్ళ భుజాలు మాత్రం ఎప్పటిలాగే వాచాయి.

వానకు అడ్డకాలువలు మట్టితో పూడాయి. ఇప్పుడు ప్రతి అమావాస్యకీ పారలు పట్టుకుని పోతున్నాం. తీర్మానం నకలు పంచాయతీ బీరువాలో పెట్టలేదు. ఆ పారలున్న ఇంట్లోనే, దూలానికి కట్టిన సంచిలో ఉంచాం. పారలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడల్లా అది కూడా కంటబడాలని.